పశువు గోడ నాకుట ఎందుకు? - ఉప్పు ఆకలిని గూర్చి కొన్ని సంగతులు

కట్టు విప్పగానే పాలగేదె మేత వైపు పోక, పాక గోడ చెంతకు పోయి మట్టిని నాకుచుండుట మీలో చాలమంది చూచియే యుందురు. ఒక ఆవు పక్క పశువు మూత్రము పోయునపుడు మూతి చాపి త్రాగును. మరియొకటి పాలేరు చెమట పట్టిన చేతిని, భుజము మీది తుండుగుడ్డను వదలక నాకును. దూడలు ఒకదాని నొకటి నాకుకొని ఒంటి వెంట్రుకలు మ్రింగును. ఇట్టి పశువును చూచి "దీనికి పాడు అలవాటు పట్టినది" అని మూతికి చిక్కము కట్టువారు కలరు. చిక్కము కట్టుటకు ముందు, ఆ పశువుకు కడపట ఉప్పు ఎప్పుడు పెట్టితిమో ఒకసారి జ్ఞాపకము చేసికొనవలెను. ఇట్టి నాకుడుకు కారణములు మరికొన్ని గూడ కలవు. వాటిని తరువాత చెప్పెదము. కాని మొదట అనుమానించవలసినది ఉప్పు కొరతనే.

మనము వాడు ఉప్పులో నూటికి 39 పాళ్ళు సోడియము, తక్కినది క్లోరిను. పశువు వెదకునది ముఖ్యముగా ఈ సోడియమునే. రక్తము తగినంత పరిమాణములో నిలుచుటకును, నరములు పనిచేయుటకును, కండరములు ముడుచుకొనుటకును ఇది యుండి తీరవలెను. సున్నము, భాస్వరము ఎముకలలో బాగుగ నిలువ యుండి కరవు కాలమున కొంత వరకు ఆదుకొనును. సోడియమునకు అట్టి పెద్ద గాదె లేదు. ఏ రోజు పోయినది ఆ రోజు తిరిగి రావలసినదే.

పచ్చిమేతలో ఉప్పు లేదా?

"మేత బాగుగనే వేయుచున్నాము గదా, అందులో ఉండదా?" అని మీరు అడుగవచ్చును. చిక్కంతయు అక్కడనే యున్నది. మొక్కకు కావలసినది పొటాషియము. సోడియము లేకున్నను చాల మొక్కలు చక్కగా పెరుగును. జొన్న, మొక్కజొన్న వంటి పైరులు నేలలో సోడియమున్నను దానిని చాలవరకు వేళ్ళ దగ్గరనే ఆపి, ఆకులకు చాల తక్కువగా పంపును. లూసర్ను కూడ అట్టిదే. అందుచే చొప్ప ఎంత ఏపుగా పెరిగినను, ఎంత పచ్చగా నున్నను, అందు పొటాషియము నిండుగను, సోడియము కొరతగను ఉండును. గింజలలోను, తవుడులోను, పిండిచెక్కలలోను సోడియము తక్కువే. పశుగ్రాసమునకు పొటాష్ ఎరువు మిక్కిలిగా వేసిన యెడల ఆకులో నున్న కొద్ది సోడియము ఇంకను తగ్గుననుట గ్రాసము పెంచువారు గుర్తుంచుకొనవలసిన సంగతి.

పులికి ఉప్పు అక్కరలేదు. అది తిను మాంసములోను, రక్తములోను సోడియము సిద్ధముగా నున్నది. మీ ఇంటి పిల్లి గోడ నాకదు. ఆకు తిను జంతువునకే ఈ బాధ. ఈ భేదమును గమనించి, దానికి పొటాషియముతో సంబంధమున్నదని 1870 ప్రాంతములలోనే బుంగె అను శరీరశాస్త్రజ్ఞుడు వ్రాసెను. మేతలోని అధిక పొటాషియము మూత్రములో బయటికి పోవుచు సోడియమును వెంట తీసికొని పోవునని ఆయన వాదము. కారణమును వివరించుటలో ఆ తరువాతి వారు మార్పులు చేసిరి గాని, శాకాహార జంతువులే ఉప్పును వెదకికొని పోవునన్న మాట నిలిచియున్నది. తూర్పు ఆఫ్రికాలో కెన్యా దేశమున ఎల్గాన్ కొండ గుహలలోనికి ఏనుగులు చీకటిలో నడచిపోయి, దంతములతో గోడలు పెళ్ళగించి ఉప్పు రాతిని తినును. మీ గేదె పాక గోడ దగ్గర చేయుచున్నదియు అదే పని.

చోటును బట్టి గూడ తేడా యున్నది. సముద్రపు గాలి, వాన తమతో కొంత ఉప్పును తెచ్చును గనుక తీర ప్రాంతపు మేతలలో సోడియము కొంత మెరుగు. సముద్రమునకు దూరమై, వానలకు కడిగివేయబడిన మెట్ట నేలలలోను, కొండ ప్రాంతములలోను కొరత ఎక్కువ. చవుడు నేలలలో మేయు పశువులకును, ఉప్పునీటి బావులలో త్రాగు పశువులకును కొంత ఉప్పు తెలియకుండగనే అందుచుండును. కావున పొరుగూరి రైతు వేయు కొలతయే మనకును సరిపోవలెనని లేదు.

శరీరము మొదట దాచుకొనును, తరువాత అడుగును

ఆవు రోజుకు 100 నుండి 150 లీటర్ల లాలాజలము ఊరించును. నమ్ముట కష్టమే గాని నిజము. ఆ చొంగలో సోడియము మెండు. లెక్క వేసిన రోజుకు సుమారు 300 గ్రాముల సోడియము చొంగతో పెద్దపొట్టలోనికి దిగి, మరల రక్తములోనికి పీల్చబడి, తిరుగుచుండును. నెమరు వేయు మేత పులిసిపోకుండ కాపాడునది ఈ చొంగయే. అనగా పెద్దపొట్టయే పశువునకు సోడియపు చిన్న చెరువు.

మేతలో సోడియము చాలనపుడు మూత్రపిండముల పైనుండు అడ్రినల్ గ్రంథులు ఆల్డోస్టిరోను అను హార్మోనును ఎక్కువగా వదలును. ఈ హార్మోనును 1953లో వేరుచేసి గుర్తించిరి. దాని పని పిసినారి గుమాస్తా పని వంటిది. మూత్రములో సోడియమును పోనీయదు. చొంగలో సోడియమునకు బదులు పొటాషియమును పెట్టి, సోడియమును రక్తమునకు మిగుల్చును. ఇందువలన రక్తములో సోడియము చాలకాలము వరకు తగ్గదు. కొరత అనుమానించి రక్తము పరీక్ష చేయించిన రైతునకు "అంతయు సరిగానే యున్నది" అను జవాబు వచ్చుట ఇందుకే. అసలు సంగతి చొంగలో తెలియును. ఆరోగ్యముగా నున్న పశువు చొంగలో సోడియము పొటాషియమునకు ఇంచుమించు పదిహేను ఇరువది రెట్లుండును. కొరత ముదిరినపుడు ఈ లెక్క తలక్రిందులై పొటాషియమే మించిపోవచ్చును. ఇట్టి పరీక్ష చేయు ప్రయోగశాల అందుబాటులో నున్న చోట పశువైద్యుని అడిగి చొంగను పరీక్ష చేయించుట మేలు.

దాచుకొనుట చాలనపుడు ఇంకొక ఏర్పాటు కలదు. ఆల్డోస్టిరోను, దానితోపాటు పెరుగు ఆంజియోటెన్సిను అను మరియొక హార్మోను మెదడునకు కబురు చేర్చును. అపుడు ఉప్పు రుచి మీదికి మనసు పోవును. ఇది ఒకరు నేర్పినది కాదు, పుట్టుకతో వచ్చినది. ఎన్నడును ఉప్పు లోటు ఎరుగని ఎలుకకు మొదటిసారి ఆ లోటు కలిగించి ఉప్పునీరు ముందు పెట్టిన, అది వెంటనే త్రాగును. అమెరికాలో రిక్టరు అను ఆయన 1936లో ప్రకటించిన పరిశీలనలో, అడ్రినల్ గ్రంథులు తీసివేసిన ఎలుకలు ఉప్పునీరు దొరికినపుడు మామూలు కంటె ఎక్కువగా త్రాగి ప్రాణము నిలుపుకొనెను. ఉప్పు దొరకని ఎలుకలు చచ్చిపోయెను. ఆయన, మరియొక వైద్యుడు కలిసి 1940లో ఒక బాలుని సంగతి వ్రాసిరి. మూడున్నర ఏండ్ల ఆ పిల్లవాడు ఇంటిలో ఉప్పును గుప్పిళ్ళతో తినెడివాడు. ఆసుపత్రిలో చేర్చి, అందరికి పెట్టు భోజనమే పెట్టగా, కొద్ది దినములలో మరణించెను. వాని అడ్రినల్ గ్రంథులు చెడిపోయినవని తరువాత తేలినది. ఉప్పు తినుటయే వానిని అంతవరకు బ్రతికించినది. గోడ నాకు పశువు మూతికి చిక్కము కట్టునపుడు ఈ బాలుడు గుర్తుకు రావలెను.

గొర్రె కొలిచి త్రాగును

ఈ ఆకలి ఎంత ఖచ్చితమైనదో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరమున డెరెక్ డెంటన్, ఆయన తోటివారు గొర్రెల మీద చూపిరి. గొర్రె చెంప వద్ద నున్న ఒక చొంగ నాళమును బయటికి తెరచి, ఆ చొంగ పొట్టలోనికి పోక వెలుపలికి కారిపోవునట్లు చేసిరి. దానితో ప్రతి దినము సోడియము పోవును. అట్టి గొర్రె ముందు వంటసోడా కలిపిన నీరు పెట్టగా, అది పోయిన సోడియమునకు ఇంచుమించు సరిపడునంత త్రాగినది. ఒక దినము ఆపి పెట్టిన కొంత, రెండు మూడు దినములు ఆపి పెట్టిన అంతకంటె ఎక్కువ. మీట నొక్కిన కొంచెము సోడానీరు వచ్చునట్లు అమర్చగా, మీట నొక్కుట నేర్చుకొని తనకు కావలసినంత రాబట్టుకొనినది. మరియొక వింత యేమనగా, త్రాగిన సోడియము పూర్తిగా రక్తములో కలియక ముందే, కొద్ది నిమిషములలోనే, గొర్రె "చాలు" అని ఆపివేయును. నాలుకయు గొంతుకయు లెక్క చూచుకొన్నట్లే గదా!

ఇదియంతయు ప్రయోగశాల మాట యనుకొందురేమో. ఆ పరిశోధకులే ఆస్ట్రేలియాలోని స్నోయీ పర్వతములలో అడవి జంతువులను గూడ చూచిరి. సముద్రమునకు దూరమైన ఆ ఎత్తు నేలలలో మంచు కరగి పారు నీరు ఉప్పును కడిగివేయును. గడ్డిలో సోడియము బహు తక్కువ. అక్కడ కొయ్య మేకులను కొన్నిటిని ఉప్పునీటిలో, కొన్నిటిని వంటసోడా నీటిలో, కొన్నిటిని పొటాషియము, మెగ్నీషియము లవణముల నీటిలో నానబెట్టి నేలలో పాతిరి. కుందేళ్ళు సోడియమున్న మేకులను వెదకి కొరికి తినివేసెను. తక్కిన వాటి జోలికి అంతగా పోలేదు. 1968లో ఈ ఫలితములను ప్రకటించిరి. ఆ కుందేళ్ళ మూత్రములో సోడియము దాదాపు లేదు. అడ్రినల్ గ్రంథులలో ఆల్డోస్టిరోను తయారుచేయు పొర బాగుగ పెరిగియున్నది. దీనినిబట్టి రెండు సంగతులు తెలియుచున్నవి. దాచుకొను ఏర్పాటును, వెదకు ఏర్పాటును ఒక్కసారే పనిచేయును. మరియు జంతువు వెదకునది ఏదో ఒక లవణమును గాదు, సోడియమునే.

నాలుక ముందు చెప్పును, పాలు ఆలస్యముగా చెప్పును

పాడి రైతునకు ముఖ్యమైనది ఇక చెప్పబోవునదియే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమున, పాలలో వెన్న కొలుచు పరీక్షను కనిపెట్టిన బాబ్‌కాక్ గారు కొన్ని పాడి ఆవులకు మేత అంతయు సక్రమముగా వేసి, ఉప్పు మాత్రము మానివేసి చూచిరి. ఆ పరిశీలన 1905లో అచ్చయినది. రెండు మూడు వారములలోనే ఆవులు ఉప్పు కొరకు తపించసాగెను. గోడలు, కొయ్యలు, మట్టి నాకుట మొదలుపెట్టెను. కాని పాలు గాని, ఒళ్ళు గాని వెంటనే తగ్గలేదు. నెలలు గడచెను. కొన్నిటికి ఏడాది వరకు పైకి ఏమియు తెలియలేదు. తరువాత ఒక్కసారిగా ఆకలి చచ్చినది, కండ్లు కాంతి తప్పెను, వెంట్రుకలు గరుకెక్కెను, పాలును బరువును త్వరగా పడిపోయెను. ఎక్కువ పాలిచ్చు ఆవులే ముందు కూలెను. అదియు ఈనిన కాలముననే. ఉప్పు పెట్టగానే అవి త్వరగా తేరుకొనెను.

ఈనిన తరువాతనే ఎందుకు? పాలలో సోడియము పోవును గనుక. ఆవుపాలలో లీటరుకు అరగ్రాము లోపుగా సోడియముండును. పది లీటర్లిచ్చు ఆవు, పాలలోనే రోజుకు పది పండ్రెండు గ్రాముల ఉప్పునకు సమానమైన సోడియమును ధారపోయుచున్నది. చొంగను, మూత్రమును పిసినారితనముతో పట్టి ఉంచగలదు గాని, పాలలో పోవుదానిని అంతగా ఆపలేదు. కావున పాలు తగ్గిన తరువాత ఉప్పును గూర్చి తలచుట నెలల తరబడి ఆలస్యమైనట్లే. గోడ నాకుటను చూచిననాడే మేలుకొనవలెను. చూడి పశువును వట్టిపోయినదని కుడితి మానివేసి ఎండుగడ్డి మీద వదలివేయుట మన పల్లెలలో కలదు. ఆ రెండు మూడు నెలల లోటు ఈనిన తరువాత బయటపడును.

ఏ ఆకలిని నమ్మవచ్చును, ఏ ఆకలిని నమ్మరాదు

"పశువు తనకు కావలసినది తానే వెదకికొనును" అను మాట ఊళ్ళలో తరచు వినబడును. ఉప్పు విషయమున అది చాలవరకు నిజము. తక్కిన ఖనిజముల విషయమున దానిని నమ్ముకొని కూర్చుండరాదు. దక్షిణ ఆఫ్రికాలో భాస్వరము కొరతగా నున్న నేలలలో మేసిన పశువులు ఎముకలు నమలెడివి. చచ్చిన జంతువుల ఎముకలలో పుట్టు విషము వలన కాళ్ళు పడిపోయి మందలు మందలుగా నశించెను. థైలరు అను పశువైద్య శాస్త్రజ్ఞుడు 1920 ప్రాంతమున ఈ సంబంధమును బయటపెట్టెను. భాస్వరము కొరత పశువును ఎముకల వైపు తోసినది నిజమే గాని, ఆ ఆకలి దానిని మేలు వైపు గాక చావు వైపు నడిపినది.

కావున పశువు ఏమి కోరుచున్నదో గమనింపుడు. మట్టిగోడ, మూత్రము, చెమట, కొయ్య నాకినచో ముందుగా ఉప్పును తలపుడు. ఎముకలు, గుడ్డలు, తోళ్ళు నమిలినచో భాస్వరము కొరత యేమోనని అనుమానించి పశువైద్యునికి చూపుడు. రెండును కలిసి యుండుట గూడ కద్దు. ఉప్పు పెట్టితిమి గదా అని ఖనిజ లవణ మిశ్రమమును మానరాదు. మిశ్రమము పెట్టితిమి గదా అని ఉప్పును మానరాదు. కొన్ని మిశ్రమములలో ఉప్పు కలిసి యుండును, కొన్నిటిలో ఉండదు. సంచి మీద చదివి చూచుకొనవలెను.

ఎంత, ఎట్లు పెట్టవలెను?

ఇంటిలో దాణా కలుపుకొనువారు నూరు కిలోల దాణాకు ఒక కిలో ఉప్పు కలిపిన సరిపోవును. నాలుగు కిలోల దాణా తిను పాడి పశువునకు దీనివలన 40 గ్రాములు చేరును. బజారులో కొను దాణాలో సాధారణముగా ఉప్పు కలిపియే యుండును. దానిపై మరల గుప్పెడు వేయ నక్కరలేదు. దాణా లేక గడ్డి మీదనే యుండు పెద్ద పశువునకు, ఎద్దునకు రోజుకు 25, 30 గ్రాములు కుడితిలో గాని, కొంచెము తవుడులో గాని కలిపి యీయవలెను. గొర్రెకు, మేకకు 5 నుండి 8 గ్రాములు. కోళ్ళకు ఈ లెక్కలు పనికిరావు. వాటికి చాల కొద్దిపాటి ఉప్పే చాలును, మించిన చచ్చును.

"గుప్పెడు" అను కొలత నాకు బొత్తిగా నచ్చదు. పాలేరు గుప్పెడు వేరు, మీ ఇంటి ఆడవారి గుప్పెడు వేరు. కిరాణా కొట్టు త్రాసులో ఒక్కసారి 30 గ్రాములు తూపించి, ఆ ఉప్పు ఏ గిన్నెలో ఎంతవరకు వచ్చునో గీత గీసి పెట్టుకొనుడు. గల్లు ఉప్పుకును, మెత్తని ఉప్పుకును ఒకే గిన్నెలో బరువు తేడా వచ్చుననుట మరువరాదు. బండారము తక్కువయే: ఉప్పు మీద పన్ను 1947లో రద్దయినది; నేడు దాణాలో పడు వస్తువులన్నిటిలో చవుకైన వాటిలో ఉప్పు ఒకటి.

నాకుడు ఇటుకలు మందలకు, మేతకు తిరుగు పశువులకు అనుకూలము. వాన తగులని చోట, నీటి తొట్టికి దగ్గరగా కట్టవలెను. బలహీనమైన పశువును బలమైనది తరిమివేయకుండ రెండు మూడు చోట్ల కట్టుట మంచిది. ఐతే ఇటుకను నాకి తీసికొను ఉప్పు, విడి ఉప్పు కంటె తక్కువగా నుండును. ఎక్కువ పాలిచ్చు పశువునకు దాని మీదనే ఆధారపడక దాణాలో గూడ కలుపవలెను. తొలిచూలు పడ్డలకు ఈనుటకు ముందు వారములలో ఉప్పు మించనీయరాదు. పొదుగు వాపు హెచ్చును.

నీరు లేని ఉప్పు విషము

గొర్రె కొలిచి త్రాగుననుట చదివి, "ఇక బస్తా విప్పి ముందు పోసిన తానే చూచుకొనును" అని తలచరాదు. చాలకాలము ఉప్పు ఎరుగని మంద ఒక్కసారిగా విడి ఉప్పు మీద పడినపుడు అవసరమునకు మించి మ్రింగును. ఆకలి కొలత ఎంత మంచిదైనను, ఎండలో నీరు లేక నిలుచున్న పశువునకు అది పనిచేయదు. అధికమైన ఉప్పు, చాలని నీరు కలిసినపుడు మెదడు దెబ్బతినును. పశువు గ్రుడ్డిదానివలె గోడలకు తల ఆనించి నిలుచును, గుండ్రముగా తిరుగును, కండరములు అదరును, పారుడు పట్టును. అట్టి స్థితిలో కంగారుపడి తొట్టెడు నీరు ఒక్కమారు త్రాగించిన ప్రమాదము హెచ్చును. కొంచెము కొంచెముగా, పలుమార్లు ఇచ్చుచు వెంటనే పశువైద్యుని పిలువవలెను. పాడైపోయిన ఊరగాయను, జాడీ అడుగున మిగిలిన ఊటను కుడితి తొట్టిలో కుమ్మరించు అలవాటును ఇల్లాండ్రు మానుట మంచిది.

ఉప్పు కొత్తగా మొదలుపెట్టు రైతు తొలి నాలుగైదు దినములు పెద్ద పశువునకు పదేసి గ్రాములతో మొదలుపెట్టి, క్రమముగా పూర్తి కొలతకు తేవలెను. తొట్టిలో నీరు పగలు రాత్రి నిండుగా నుండవలెను. ఇటుకను గూడ ఈ వారము గడచిన తరువాతనే కట్టవలెను. ఇట్లు రెండు మూడు వారములు పెట్టి చూడుడు. కొరత ఉప్పుదే యైనచో, గోడ దగ్గరకు పోవుట తగ్గిపోవును. అప్పటికిని పశువు గోడను వదలనిచో ఉప్పు పెంచరాదు. పేడను ఒక సీసాలో తీసికొని పశువుల ఆసుపత్రికి వెళ్ళి పురుగులకు పరీక్ష చేయించుడు. భాస్వరము, రాగి మొదలగు వాటి కొరతను గూర్చి అక్కడనే అడుగుడు.